శిబిరం సరే... లోపలికి దారేది?

బడులకు వేసవి సెలవులు ఇచ్చిన మరుసటి రోజే కూడళ్లలో కరపత్రాల పంపకం మొదలవుతుంది. ఈత, కరాటే, చదరంగం, చిత్రలేఖనం, సంగీతం, నృత్యం... ఏ శిబిరంలో ఏమేమి నేర్పుతారో, రుసుమెంతో ఆ కాగితంలో వివరంగా ఉంటుంది. మరుగుదొడ్డి ఎక్కడుందో, తాగునీటి ఏర్పాటు ఏమిటో, లోపలికి వెళ్లాలంటే ఎన్ని మెట్లెక్కాలో మాత్రం ఉండదు. ఉత్సాహంగా చేరిన పిల్లవాడు నాలుగో రోజున ‘నేను వెళ్లను’ అని మారాం చేస్తే, అందుకు కారణం చాలాసార్లు కరపత్రంలో రాయని ఈ వివరాల్లోనే దొరుకుతుంది. చక్రాల కుర్చీలో తిరిగే బాలిక విషయంలోనైతే నాలుగో రోజు దాకా ఆగనక్కర్లేదు. గేటు దగ్గరే తేలిపోతుంది.

ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ఏటా ఏప్రిల్ నాలుగో వారం నుంచి జూన్ రెండో వారం వరకు, అంటే సుమారు ఏడు వారాలు బడులు మూతపడతాయి. ఈ వ్యవధిలో ఉదయం వెళ్లి మధ్యాహ్నానికో సాయంత్రానికో ఇంటికి చేరే శిబిరాలే ఎక్కువ. వీటిలో ఉండవలసిన వసతులేమిటి, అవి ఎవరికి హక్కుగా దక్కుతాయి, లేనప్పుడు ఎవరిని అడగాలన్నది తల్లిదండ్రులతో పాటు నిర్వాహకులూ తెలుసుకోవడం అవసరం.

ప్రభుత్వ శిబిరాలు ఎక్కడెక్కడ?

రుసుముతో నడిచే ప్రైవేటు శిబిరాల సందడిలో ప్రభుత్వ పరంగా జరిగేవి మరుగున పడుతుంటాయి. వీటిలో పాతకాలం నుంచి పేరున్నది హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాల భవన్. నెహ్రూ చొరవతో 1956లో ఢిల్లీలో జాతీయ బాల భవన్ ఏర్పడింది. ఆ నమూనాలోనే ఇక్కడి సంస్థ కూడా వెలిసింది. పాఠశాల విద్యాశాఖ పరిధిలో నడిచే ఈ భవనంలో 5 నుంచి 16 ఏళ్ల పిల్లలకు సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, చేతిపనులు వంటివి నామమాత్రపు రుసుముతో నేర్పుతారు. నిజామాబాద్, కరీంనగర్, నల్గొండ వంటి జిల్లా కేంద్రాల్లోనూ బాల భవన్లు ఉన్నాయి. ఏడాది పొడవునా పనిచేసినా, వీటికి నిండుదనం వచ్చేది మాత్రం వేసవిలోనే.

ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా గ్రంథాలయ సంస్థల ఆధ్వర్యంలో శాఖా గ్రంథాలయాల్లో ‘వేసవి విజ్ఞాన శిబిరాలు’ నిర్వహిస్తుంటారు. కథల పఠనం, కథ చెప్పడం, బొమ్మలు గీయడం, చదరంగం వంటివి ఇందులో ఉంటాయి. రుసుము లేదు. ఇంటి పన్నుతో పాటు మనం చెల్లించే గ్రంథాలయ సెస్సుతో నడిచే సంస్థ ఇది. కాబట్టి ఈ శిబిరానికి పిల్లవాడిని పంపడం ఉచితంగా పొందే మేలు అనుకోనక్కర్లేదు, ముందే డబ్బు కట్టినట్లే లెక్క. క్రీడల విషయానికి వస్తే, జిల్లా క్రీడా విభాగాలు మే నెలలో మైదానాల్లో శిక్షణ ఇప్పిస్తుంటాయి. పురపాలక సంఘాలు సైతం తమ పార్కుల్లో, ఆటస్థలాల్లో వీటిని చేపడుతుంటాయి.

వీటన్నింటికీ ఒక సామ్యం ఉంది. ఏదీ శిబిరం కోసం కట్టిన భవనంలో జరగదు. బడి, గ్రంథాలయం, కల్యాణ మండపం, మైదానం పక్కనున్న రేకుల షెడ్డు... ఏది ఖాళీగా ఉంటే అదే శిబిరం. వసతుల చిక్కంతా ఇక్కడే మొదలవుతోంది.

ఎండ చూసి వేళ పెట్టాలి

రెంటచింతల, రామగుండం, ఖమ్మం పేర్లు ప్రతి మే నెలలోనూ ఉష్ణోగ్రతల పట్టికలో ముందుంటాయి. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు మించి నమోదైతే వాతావరణ శాఖ దానిని వడగాడ్పుగా పరిగణిస్తుంది. 45 డిగ్రీలు తాకితే సాధారణంతో పోల్చి చూడవలసిన పని కూడా లేదు. తీరప్రాంతానికి ఈ గీత 37 డిగ్రీల దగ్గరే ఉంది. ఉక్కపోతలో చెమట ఆరక, తక్కువ వేడికే శరీరం తల్లడిల్లడం దీనికి కారణం. 2015 వేసవిలో ఉభయ రాష్ట్రాల్లో వడగాడ్పులకు 1,500 మందికి పైగా బలయ్యారు. పెద్దల కంటే పిల్లల శరీరం త్వరగా వేడెక్కుతుంది. ఆటలో పడితే దాహం సంగతి వారికి గుర్తుండదు.

అందువల్ల శిబిరం వేళలు కరపత్రంలో ఎలా ఉన్నా, ఆరుబయట ఆటలు ఉదయం 9 గంటల లోపు ముగియాలి. ఆ తర్వాత కూర్చుని చేసే పనులు పెట్టుకోవచ్చు. అయితే ఎక్కడ కూర్చోబెడుతున్నారన్నది చూడాలి. పైకప్పు సిమెంటు రేకులదైతే పది గంటలకే లోపల పొయ్యి మీద పెనంలా ఉంటుంది. రేకుల మీద కొబ్బరి మట్టలో, తాటాకులో పరిచి నీళ్లు చల్లించడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ చవకైనది. పంకాలు ఉన్నాయో లేదో చూసే తల్లిదండ్రులు అవి కరెంటు పోయినప్పుడు తిరుగుతాయో లేదో కూడా అడగాలి. ఉభయ రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ సంస్థలు మండలాల వారీగా ఉష్ణోగ్రతల సమాచారం ఇస్తున్నాయి. తీవ్ర హెచ్చరిక ఉన్న రోజున శిబిరానికి సెలవు ఇస్తారా అన్న ప్రశ్నకు నిర్వాహకుల వద్ద సూటి జవాబు ఉండాలి.

తాగునీరు ఉంటే చాలదు. ఆడుతున్న పిల్లలను ప్రతి 20 నిమిషాలకు ఒకసారి పిలిచి తాగించే మనిషి ఉండాలి. కుండ అయితే మూత, పొడవు కాడ గరిటె తప్పనిసరి. ఒకే గ్లాసును అందులో ముంచి అందరూ తాగే చోట నీళ్ల విరేచనాలు రావడానికి రెండు రోజులు చాలు.

ప్రథమ చికిత్స పెట్టెలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉండి తీరాలి. కలిపే తీరులో పొరపాట్లు తరచూ జరుగుతుంటాయి. సుమారు 21 గ్రాముల పెద్ద ప్యాకెట్‌ను మొత్తంగా లీటరు నీటిలో ఒకేసారి కలపాలి. చిన్న గ్లాసులో కొంచెం కొంచెం వేసి కలిపితే ఉప్పు పాళ్లు గతి తప్పి మేలుకు బదులు కీడు జరుగుతుంది. పళ్లరసం రుచితో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలను ఓఆర్‌ఎస్‌గా భ్రమపడి పిల్లలకు తాగించడం ఎన్నో ఏళ్లు సాగింది. దీనిపై హైదరాబాద్‌కు చెందిన శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. పెట్టె తెరిచి చూసే తల్లిదండ్రులు ఈ తేడా గమనించాలి.

కళ్లు తిరగడం, వాంతి, తలనొప్పి కనిపిస్తే నీడకు చేర్చి తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి. ఒళ్లు కాలిపోతూ, పిలిస్తే పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోను చేయాలి. స్పృహ లేని పిల్లల నోట్లో నీళ్లు పోయరాదు.

తాళం వేసిన మరుగుదొడ్డి

బడిలో శిబిరం జరుగుతున్నప్పుడు మరుగుదొడ్ల గురించి బెంగ ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ‘నాడు-నేడు’, తెలంగాణలో 2022లో మొదలైన ‘మన ఊరు-మన బడి’ కార్యక్రమాల్లో నీటి వసతితో కూడిన మరుగుదొడ్లకు ప్రాధాన్యం ఇచ్చారు. కట్టడం ఉంది. కానీ ఆఖరి పనిదినం నాడు దానికి తాళం పడుతుంది. తాళంచెవి ప్రధానోపాధ్యాయుడి వద్దో అటెండరు వద్దో ఉంటుంది, వారు సెలవుల్లో ఉంటారు. మోటారు ఆపేసి ఉంటుంది కాబట్టి ట్యాంకులో నీళ్లుండవు. పారిశుద్ధ్య సిబ్బందికి కూడా సెలవులే. శిబిరానికి తరగతి గదుల తాళాలు తీసుకున్న నిర్వాహకులు మరుగుదొడ్ల తాళం అడగడం మరచిపోతారు.

మగపిల్లలు గోడ చాటుకు వెళతారు. ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు. మే నెల ఎండలో నీళ్లు తాగకుండా నాలుగు గంటలు గడపడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఎండ, నీరు, మరుగుదొడ్డి అన్నవి కరపత్రం రాసేవారికి మూడు వేర్వేరు అంశాలు కావచ్చు. పదకొండేళ్ల బాలికకు మాత్రం అవి ఒకటే. నెలసరి వచ్చే వయసు పిల్లలకు లోపలి నుంచి గడియ పడే తలుపు, మూత ఉన్న చెత్తబుట్ట, బకెట్టు నీళ్లు ఉండాలి. ఇవి లేక శిబిరం మానేసిన వారు ఆ కారణాన్ని ఎక్కడా చెప్పరు. ‘ఆసక్తి లేదు’ అని నిర్వాహకులు రాసుకుంటారు.

పరిష్కారానికి పెద్ద నిధులు అక్కర్లేదు. శిబిరం అనుమతి కోరుతూ రాసే లేఖలోనే మరుగుదొడ్ల తాళం, మోటారు గది తాళం అని విడిగా రాయాలి. రోజుకు ఒక గంట శుభ్రం చేసే మనిషికి కూలి లెక్కలో వేసుకోవాలి. ప్రారంభోత్సవం నాటి షామియానా మరునాటికి కనిపించదు. ఆ ఖర్చును ఇటు మళ్లించినా సరిపోతుంది.

మూడు మెట్లు... పద్దెనిమిది అడుగులు

మన వైపు ఏ ప్రభుత్వ భవనమైనా నేల మీద నుంచి అరుగు లేపి కడతారు. వాననీరు లోపలికి రాకుండా అది మంచిదే. ఆ అరుగుకు ముందు మూడో నాలుగో మెట్లు ఉంటాయి. శాఖా గ్రంథాలయాల్లో చాలావాటికి ముంగిట ఈ మెట్లే స్వాగతం పలుకుతాయి.

ర్యాంపు వాలుకు దేశంలో అనుసరించే కొలత 1:12. అంటే అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల పొడవు ఉండాలి. మెట్టు ఆరంగుళాలైతే, మూడు మెట్లున్న అరుగు ఎత్తు అడుగున్నర అవుతుంది. దానికి 18 అడుగుల ర్యాంపు కావాలి. రెండడుగుల అరుగుకైతే 24 అడుగులు. ఇప్పుడు మీకు తెలిసిన ఏ బడి ముందైనా ఉన్న ర్యాంపును గుర్తు చేసుకోండి. పొడవు ఏ ఆరడుగులో ఎనిమిదడుగులో ఉంటే అది చక్రాల కుర్చీ కోసం కట్టింది కాదు, లెక్క చూపడానికి కట్టింది. వెనుక నుంచి ఇద్దరు పెద్దలు తోస్తే తప్ప కుర్చీ ఎక్కదు. దిగేటప్పుడు మరింత ప్రమాదం. ఇలాంటి వాలు మీద వాన పడ్డాక మామూలు పిల్లలు సైతం జారి పడుతుంటారు.

రెండో కొలత తలుపుది. 90 సెంటీమీటర్లు, అంటే సుమారు మూడడుగుల వెడల్పు ఉండాలి. తరగతి గది తలుపుకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. మరుగుదొడ్డి తలుపు రెండున్నర అడుగులే ఉంటే కుర్చీ చట్రం అక్కడే ఇరుక్కుంటుంది. లోపల కుర్చీ తిప్పుకోవడానికి ఐదడుగుల గుండ్రటి ఖాళీ, కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ అవసరం. ఒక టేపు పట్టుకుని పావుగంట తిరిగితే ఏ భవనం పనికొస్తుందో, ఏది రాదో తెలిసిపోతుంది. శిబిరం మొదలయ్యాక కాదు, భవనం ఎంచుకునే ముందే ఈ పావుగంట వెచ్చించాలి. ఎంచుకోవడానికి వేరే భవనం లేని ఊళ్లో తరగతిని వరండా కిందికి, చెట్టు నీడకు దించవచ్చు. చిత్రలేఖనానికి, కథలకు నాలుగు గోడలు అవసరం లేదు గదా.

మెట్లు కనిపిస్తాయి కాబట్టి వాటి గురించి మాట్లాడతాం. కనిపించని అడ్డంకులు ఇంకా ఉన్నాయి. ఆటిజం ఉన్న పిల్లలకు ఉదయం నుంచి మోగే మైకు భరించరానిది. చెవులు మూసుకుని మూలకు పోయే పిల్లవాడిని ‘కలవడు’ అంటారు తప్ప, మైకు తగ్గించాలని తోచదు. అలాంటి వారు కాసేపు కూర్చునేందుకు సందడి లేని గది ఒకటి కేటాయిస్తే చాలు. వినికిడి లోపం ఉన్న బాలికకు నృత్యం నేర్పలేమని గురువులు చేతులెత్తేస్తుంటారు. ఆమెను ముందు వరుసలో నిలబెట్టి, ముఖం కనిపించేలా నిలబడి చూపితే, తాళం చేతితో వేసి చూపితే అడుగు పడుతుంది. చూపు లేని పిల్లలకు గడుల ఎత్తుపల్లాలు చేతికి తెలిసేలా, పావులు రంధ్రాల్లో గుచ్చేలా తయారైన చదరంగం బల్లలు ఉన్నాయి. లోపల గులకలు మోగే క్రికెట్ బంతులూ ఉన్నాయి. అవి దొరకని చోట రంగుల బదులు బంకమట్టి చేతికిస్తే వినాయకుడిని చేసి చూపిస్తారు.

వీటికి సలహా ఇచ్చే వారు దూరంగా లేరు. ఉభయ రాష్ట్రాల్లో సమగ్ర శిక్ష కింద మండలాల్లో ‘భవిత’ కేంద్రాలు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసమే పనిచేస్తున్నాయి. అక్కడి రిసోర్సు టీచర్లకు ఏ ఊళ్లో ఏ పిల్లవాడికి ఏ ఇబ్బంది ఉందో తెలుసు. శిబిరం నిర్వాహకులు వారిని ఒక్కసారి కలిస్తే సగం పని పూర్తవుతుంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల శిక్షణపై సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఒకటి ఉంది. ఇంతటి సంస్థ చెంతనే ఉన్నా, జంటనగరాల్లోని శిబిరాల కరపత్రాల్లో ఈ పిల్లల ప్రస్తావన అరుదు.

చట్టంలో శిబిరం మాట

దివ్యాంగ బాలల తల్లిదండ్రులకు ‘శిబిరం’ అనగానే గుర్తుకొచ్చేది సదరం శిబిరమే. వైకల్య శాతం నిర్ధారణకు వరుసలో నిలబడిన అనుభవమే వారికి తెలిసిన శిబిరం. ఆటపాటల శిబిరంలోనూ తమ పిల్లలకు చోటుందన్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసినా అడగడానికి మొహమాటపడతారు. ‘మీ వాడి వల్ల మిగతా పిల్లలకు ఇబ్బంది’ అన్న మాట ఒకసారి విన్నవారు మరోసారి ఆ గేటు తొక్కరు.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఇందులోని 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితం, వినోదానికి సంబంధించింది. స్కౌటింగు, నృత్యం, చిత్రకళ తరగతులు, ఆరుబయట శిబిరాలు, సాహస కార్యక్రమాల్లో దివ్యాంగులు పాల్గొనేలా చూడాలని ఈ సెక్షన్ పేర్లు పెట్టి మరీ చెబుతోంది. ఈ బాధ్యత ప్రభుత్వంతో పాటు స్థానిక సంస్థలది కూడా. అంటే పురపాలక సంఘం పార్కులో పెట్టే శిబిరం నేరుగా దీని కిందికి వస్తుంది. 30వ సెక్షన్ క్రీడల గురించి ఇలాగే నిర్దేశిస్తోంది. మరో ముఖ్య విషయం, 29వ సెక్షన్ దివ్యాంగులందరికీ వర్తిస్తుంది. పింఛను వంటి పథకాలకు అడిగే 40 శాతం షరతు ఇందులో లేదు. సదరం ధ్రువపత్రం తెస్తేనే చేర్చుకుంటామనడం చెల్లదు.

భవనాల సంగతీ చట్టంలో ఉంది. ప్రజలు వాడే పాత భవనాలన్నింటినీ నియమావళి వెలువడిన ఐదేళ్లలోగా అందరికీ అనువుగా మార్చాలని 45వ సెక్షన్ నిర్దేశించింది. నియమావళి 2017 జూన్‌లో వచ్చింది. గడువు 2022 జూన్‌లో దాటిపోయింది. ఈ జాప్యంపై దాఖలైన రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న కీలక తీర్పు ఇచ్చింది. అప్పటివరకు ఉన్న కొలతలు సూచనల స్థాయిలోనే ఉన్నాయని, తప్పక పాటించవలసిన కనీస ప్రమాణాలను విడిగా రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే తొలిసారి రూ.10 వేల వరకు, ఆపైన రూ.50 వేల నుంచి రూ.5 లక్షల వరకు జరిమానాకు 89వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. ప్రైవేటు శిబిరమని తప్పించుకునే వీలు కూడా పెద్దగా లేదు. వైకల్యం కారణంగా వివక్ష చూపరాదన్న మూడో సెక్షన్ ఉండనే ఉంది.

ఆరు గంటలకు ఏ బస్సు?

మైదానంలో శిక్షణ ఉదయం ఆరింటికే మొదలవుతుంది. ఎండ దృష్ట్యా ఆ వేళ సరైనదే. కానీ పది కిలోమీటర్ల దూరంలోని పల్లె నుంచి పిల్లవాడు ఆరింటికి జిల్లా కేంద్రానికి చేరాలంటే బస్సు ఉండాలి. లేకుంటే తండ్రికి మోటారు సైకిలు, తీరిక రెండూ ఉండాలి. ఫలితంగా జిల్లా శిబిరం పేరు జిల్లాది, పిల్లలు మాత్రం మైదానం చుట్టుపక్కల నాలుగు వీధుల వారు. బడి రోజుల్లో తిరిగే ఆటోలు సెలవుల్లో దొరకవు. దొరికినా పది మందిని కుక్కితే తప్ప గిట్టుబాటు కాదంటారు.

కొంత వెసులుబాటు ఇటీవలే లభించింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరిట ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరాల్లోని సాధారణ సర్వీసుల్లో బాలికలు, మహిళలకు ఉచిత ప్రయాణం అమలైంది. కూతురిని శిబిరానికి తీసుకెళ్లే తల్లికి రానూపోనూ ఖర్చు తప్పినట్లే. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి. శిబిరం వేళలు నిర్ణయించే ముందు నిర్వాహకులు డిపోకు వెళ్లి తొలి బస్సు ఎన్నింటికి వస్తుందో కనుక్కోవడం మర్యాద. ఒక అరగంట జరిపితే రెండు మూడు ఊళ్ల పిల్లలు అదనంగా వస్తారు.

ఈ విషయంలో హైదరాబాద్ బాల భవన్ అదృష్టవంతురాలనే చెప్పాలి. నాంపల్లి రైల్వే స్టేషను పక్కనే ఉంది. మియాపూర్-ఎల్బీ నగర్ మార్గంలో నాంపల్లి, అసెంబ్లీ మెట్రో స్టేషన్లు నడిచే దూరంలో ఉన్నాయి. అక్కడ లిఫ్టులున్నాయి. స్టేషను దాటి కిందికి దిగాక, వాహనాల రద్దీలో రోడ్డు దాటించి తోట లోపలికి చేర్చడమే పెద్దలకు మిగిలే పని. చిన్న పిల్లలను ఒంటరిగా పంపే చోటు కాదది.

మధ్యాహ్నం దాకా ఉంచే శిబిరమైతే తిండి సంగతీ చూడాలి. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. అలా బడి వంటశాల తెరిచి ఉంచే చోట శిబిరం కూడా అక్కడే పెడితే రెండూ కలిసొస్తాయి.

అప్పగింత ఎవరికి?

పిల్లలను ఎవరు తీసుకొచ్చారు, ఎవరు తీసుకెళ్లారు అన్నది రాసే రిజిస్టరు ఉందా అని మొదటి రోజే అడగాలి. ‘అందరం తెలిసినవాళ్లమే’ అన్న జవాబుతో తృప్తి పడరాదు. శిక్షకుల పేర్లు, ఫోను నంబర్లు గోడ మీద ఉండాలి. పిల్లలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. అనుమానం కలిగిన వెంటనే ఫిర్యాదు చేయడం ఎవరికైనా విధి, దాచిపెడితే శిక్ష. సంస్థ బాధ్యుడు తన కింది వారి విషయం దాస్తే ఏడాది వరకు జైలు. పిల్లల సహాయవాణి 1098.

ఈత శిబిరమైతే కొలను గట్టు మీద లోతు అంకెలు, పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ కదలకుండా చూసే ఈతగాడు ఉండాలి. మేడ మీద జరిగేదైతే రెండో దారి ఉందో లేదో చూడాలి. తమిళనాడులోని కుంభకోణం పాఠశాలలో 2004 జూలై 16న నిప్పంటుకుని 94 మంది చిన్నారులు చనిపోయిన ఘటన తెలిసి కూడా ఒకే ఇరుకు మెట్లున్న మేడల్లో శిబిరాలు నడపడం క్షమించరానిది.

ఫిర్యాదు ఎలా?

ముందుగా శిబిరం బాధ్యుడికే రాతపూర్వకంగా చెప్పడం మేలు. తాళంచెవి వంటి సమస్య ఆ పూటే తీరవచ్చు. తీరనప్పుడు గ్రంథాలయ శిబిరమైతే జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి, బడి ఆవరణ అయితే మండల విద్యాధికారికి, పార్కు అయితే పురపాలక కమిషనరుకు అర్జీ ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్లలో జరిగే అర్జీల స్వీకరణలోనూ ఇవ్వవచ్చు. తెలంగాణలో దీనిని ప్రజావాణి అని, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అని పిలుస్తారు. దివ్యాంగ బాలలను చేర్చుకోకపోతే అర్జీ ప్రతిని జిల్లా దివ్యాంగుల సంక్షేమ విభాగానికి పంపాలి. ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో దీనికోసం ఫిర్యాదుల అధికారిని నియమించాలని 23వ సెక్షన్ చెబుతోంది. ఆ అధికారి ఎవరో అడగడానికి వెనుకాడనక్కర్లేదు. అక్కడా పని కాకుంటే రాష్ట్ర దివ్యాంగుల కమిషనరును ఆశ్రయించవచ్చు. విచారణలో సాక్షులను పిలిపించడానికి, పత్రాలు తెప్పించడానికి ఆయనకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి.

అర్జీలో ‘వసతులు లేవు’ అని మాత్రం రాసి ఊరుకుంటే ‘కల్పించాం’ అన్న జవాబు వస్తుంది. మెట్లెన్ని, ర్యాంపు పొడవెంత, మరుగుదొడ్డి తలుపు వెడల్పెంత, ఏ తేదీన ఎన్ని గంటలకు దానికి తాళం ఉంది అన్నవి రాయాలి. ఫొటో తీసి జతచేయాలి. 29వ సెక్షన్ అని అంకె వేయాలి. అర్జీ నకలుపై ముద్ర, తేదీ వేయించుకుని దాచుకోవాలి. శిబిరాలకు స్థలం, నిధులు నిర్ణయించేది ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లోనే కనుక, మే మూడో వారంలో అడిగే దానికన్నా ఆ రోజుల్లో అడిగిన దానికి ఫలితం ఎక్కువ.